హన్మవ్వ బొటనవేలు

సోమవారం నాడు హన్మవ్వ వేలిముద్ర పోయింది. నందిపేట్‌లో మూడు వారాలుగా పసుపు కొమ్ములు రుద్ది రుద్ది బొటనవేలు అద్దంలా నున్నబడింది. నిజామాబాద్ పింఛను కేంద్రంలోని యంత్రం దాన్ని గుర్తుపట్టలేదు. బతికే ఉన్నట్టు శుక్రవారంలోగా ముద్ర వేయకపోతే జాబితాలోంచి ఆమె పేరు పోతుంది.

మంగళవారం పొద్దున చాయ్ తాగుతూ మనవరాలు దీక్షిత ఉపాయం చెప్పింది. బోధన్‌లో డిగ్రీ చదువుతున్న పిల్ల.

"బాపమ్మా, నువ్వు, రాజవ్వ బాపమ్మ కవలలు. మొఖం ఒక్కటే, రక్తం ఒక్కటే. వేలు గూడ ఒక్కటే ఉంటది. ఆమెతోని ఏపిద్దాం."

అదే ఊళ్లో కొడుకు దగ్గర ఉండే అక్క రాజవ్వ కూలి పని మానేసి చాలా కాలమైంది, ఆమె వేలి గీతలు అరగలేదు. ఆ మధ్యాహ్నమే ఆమె చెల్లెలి చీర కట్టుకుని కేంద్రంలో కూర్చుంది. హన్మవ్వ మొహం మీదికి కొంగు లాక్కుని వెనక బల్ల మీద నక్కింది.

ఆపరేటర్ ప్రేమ్ రాజవ్వ బొటనవేలు పెట్టించాడు. సరిపోలలేదు. పది వేళ్లూ పెట్టించాడు. ఒక్కటీ సరిపోలలేదు. అతనికి అనుమానం వచ్చింది.

"అవ్వా, నీ పెనిమిటి పేరేంది?"

రాజవ్వకు నేర్పిన పాఠంలో ఆ ప్రశ్న లేదు; తన పెనిమిటి పేరే చెప్పేసింది. "బాపురావు."

"గీడ ముత్తన్న అని ఉన్నది గదా?"

"గాయినె పేరు మార్చుకున్నడు బిడ్డా."

ముత్తన్న పోయి రెండేళ్లయింది. ఆ పేరు చెరిపి మరొకటి పెట్టడం హన్మవ్వ ఓర్చుకోలేకపోయింది. కొంగు జారుతున్నా చూసుకోకుండా లేచి నిలబడింది.

"ముత్తన్న పేరు మార్చుకునేటోడు కాదు! ఆయన నా పెనిమిటి. హన్మవ్వను నేను!"

లైనంతా ఒకే ముఖాన్ని రెండు చోట్ల చూసింది.

"మీ మిషినే ఖరాబున్నదన్నా," అంటూ దీక్షిత ముందుకొచ్చింది. "ఇద్దరిది ఒక్కటే డీఎన్‌ఏ."

ప్రేమ్ నవ్వాడు. "నాకు గూడ కవల తమ్ముడున్నడు చెల్లె. ఏలి మీద సుట్లు తిరిగే తీరు అమ్మానాయినల నుంచి అస్తది. గని ఏ గీత యాడ చీలాలె, యాడ ఆగాలె అన్నది కడుపుల ఎవరెట్ల మెదిలిండ్రో, వేలు యాడ ఒత్తుకున్నదో, గంతే. అది తఖ్దీరు, ఎవరి రాత వాళ్లది."

"కడుపుల జాగంతా ఇదే పట్టుకుండె, గందుకే," అని రాజవ్వ సణిగింది.

హన్మవ్వ ఆ మాట పట్టించుకోలేదు. అరవై ఎనిమిదేళ్లుగా అంగట్లో సగం మంది ఆమెను రాజవ్వా అనే పిలుస్తున్నారు. అక్క చేసిన అల్లరికి బళ్లో దెబ్బలు తిన్నదీ ఆమే. ఆమె యంత్రం నెత్తిన మెల్లగా చెయ్యి పెట్టింది.

"మా అవ్వ గూడ మమ్మల్ని ఎర్కవట్టలే. ముత్తన్న ఒక్కడే పట్టిండు. మల్ల గిది పట్టింది."

"పైపొర అరిగింది గంతే అవ్వా. చేతికి పది రోజులు ఆరామియ్యి, మల్ల అవే గీతలస్తయ్," అన్నాడు ప్రేమ్.

హన్మవ్వ తల ఎత్తుకుని బస్సెక్కింది. ఇలాంటిది లోకంలో ఇంకొకటి లేదని, నందిపేట్ దాకా పక్కవాళ్లకు ఆ నున్నటి వేలు చూపిస్తూనే వచ్చింది.

ఆమె బతికి ఉన్నట్టు ముద్ర మాత్రం ఇంకా పడలేదు.