బట్టల దుకాణంలో ఫినాయిల్ ప్రవేశం

జడ్చర్ల ప్రజలకు తెలియజేయడమేమనగా, ఈ 1961వ సంవత్సరంలో రఘుపతి సేటు గారి బట్టల దుకాణం నాగరికమైనది. దుకాణంలోకి ఫినాయిల్ వచ్చింది.

అంతకు ముందు అక్కడ అంతా అనాగరికమే. ఊడ్చే సాలమ్మ పొద్దున్నే వచ్చి వేపాకు మరిగించిన నీళ్లతో గచ్చు కడిగేది. జిడ్డుకు బూడిద, మరకలకు కుంకుడు రసం, ఇత్తడి గొళ్లాలకు చింతపండు. కడిగిన నీళ్లు వెనకాల బీరపాదుకు పోసేది. పాదు కూడా సిగ్గులేకుండా కాసేది. మేము చీరలు చూస్తుంటే మా పిల్లలు ఆ గచ్చు మీదే పాకి, ఆ చేతులే నోట్లో పెట్టుకునేవారు. ఏమీ అయ్యేది కాదు. కానీ వాసన రాదే! వాసన రాని శుభ్రాన్ని ఎట్లా నమ్మడం?

ఇంతలో వర్తక సంఘం వారు పరిశుభ్రమైన దుకాణానికి యోగ్యతాపత్రం ప్రకటించారు. సేటు గారు ఫినాయిల్ సీసా చేతబట్టి ఉపన్యసించారు.

"శుభ్రమంటే కంటికి కనవడుడు కాదు, ముక్కుకు తెల్వాలె. రేపు సంఘపోళ్లు వచ్చేటాళ్లకు వాసన రాకపోతే, సాలమ్మా, నీకు నౌకరీ లేదు."

"నా బిడ్డ గీ గచ్చు మీదనే పాకుతది సేటూ. గా మందు నోట్లె పడితే?"

"లోపల గూడ సాఫయితది తియ్యి!"

సాలమ్మ ఎప్పటిలాగే వేపనీళ్లతో గచ్చు కడిగింది. ఫినాయిల్‌ను మాత్రం పిల్లలకు అందకుండా, గుమ్మం పైన కట్టిన గోనెగుడ్డకు పట్టించింది.

సంఘం పెద్ద ఐలేశం గారు గుమ్మంలోనే ఆగి, కళ్లు మూసుకుని, ముక్కుతో దుకాణమంతా తనిఖీ చేశారు. "అబ్బ, పెద్ద దవాఖాన లెక్కున్నది!" అన్నారు. లోపలికి రావలసిన అవసరం కలగలేదు.

పత్రం గోడకెక్కాక సేటు గారు మళ్లీ ఉపన్యసించారు. "సూసిన్రా, ఫినాయిల్ ఒక్కటే గింత పని చేసింది. ఇగ సాలమ్మ ఎందుకు?"

"గచ్చుకు దాని సుక్క తగల్లేదు సేటూ! గా గుడ్డకే పెట్టిన."

"అబద్ధాలాడకు. గంత పెద్దమనిషి ముక్కు అబద్ధమాడతదా?"

ఇప్పుడు ఆ దుకాణాన్ని ఎవరూ ఊడ్వరు. బీరపాదు ఎండిపోయింది. గుడ్డను మాత్రం క్రమం తప్పకుండా తడుపుతున్నారు. మొన్న మా చంటిది ఆ గచ్చు మీద ఏదో ఏరుకుని నోట్లో పెట్టుకుంది. కక్కిద్దామని లేవబోయాను. అంతలో గుమ్మం వైపు నుంచి ఘుమ్మని వాసన వచ్చింది.

నిశ్చింతగా కూర్చుని, ఇంకో చీర తీయమన్నాను.