ఆకుపచ్చ గడి పసుపుపచ్చైన వైనం

సకల రోగిజన శరణ్యమై, త్రితల సౌధశోభితమై, ఫినాయిలు పరిమళ పరివేష్టితమై వెలసిన ఆ సర్కారు ఆసుపత్రిలో, నెల చివరి సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాల శుభముహూర్తాన, పదకొండు దినాలుగా పెదవి విప్పక మౌనవ్రతం పూనిన లిఫ్టు ఎదుట, ఎడమ చంకన ఫైలూ కుడి కరాన బాల్‌పెన్నూ ధరించి నిలిచిన ఒక నలభయ్యెనిమిదేళ్ళ ఉద్యోగిని సమరగాథ ఇది. వినే చెవులకు ఓపికా, ఎక్కే మోకాళ్ళకు బలమూ కలుగుగాక.

ఆమె ఉద్యోగం పేరు ఆమె బల్ల కంటే పొడుగు. పని మాత్రం చిన్నది. ఆసుపత్రికి ఊడ్పూ ఉతుకూ లిఫ్టూ జనరేటరూ చూసిపెట్టే బయటి కంపెనీలు ఒప్పందంలో రాసిచ్చినట్టే చేస్తున్నాయా లేదా అని కనిపెట్టి, నెలకోసారి నివేదికలోని గడుల్లో టిక్కులు పెట్టాలి. అందుచేత స్వీపరు మొదలు సర్జను వరకు అందరి నోటా ఆమె టిక్కుల మేడమ్ అయింది. ఆ బిరుదు ఆమెకు మొదట్లో నచ్చలేదు. తరవాత అలవాటైంది. అలవాటవడమే అసలు ప్రమాదమని ఆమెకు తెలిసేసరికి పదకొండు నెలలు గడిచాయి.

ఎందుకనగా, లిఫ్టు కంపెనీతో కుదిరిన ఒప్పందం నూటపన్నెండు పుటల మహాదుర్గం. ఏడు అనుబంధాల ప్రాకారాలతో, ఉపనిబంధనల కందకాలతో, ఎవరూ చివరి వరకు చదవని గౌరవంతో బీరువాలో విరాజిల్లుతూ ఉండేది. అందులో ఒక వాక్యం ఉంది: ఫిర్యాదు అందిన నాలుగు గంటల్లోగా కంపెనీ స్పందించవలెను. కంపెనీ స్పందించేది. నాలుగు గంటలు కాదు, నాలుగు సెకన్లలో స్పందించేది. ఫిర్యాదు నమోదు చేసిన మరుక్షణం ఫోను కిణికిణిమని మోగి, మీ ఫిర్యాదు అందింది, మీ సహనానికి ధన్యవాదాలు అని సందేశం వెలిగేది. ఆ సందేశమే స్పందన. నెలాఖరు నివేదికలో ‘స్పందన’ అన్న గడి నూటికి నూరు మార్కులతో, వానకు తడిసిన వరిమడిలా, ఆకుపచ్చగా మెరిసేది. లిఫ్టు ఎక్కడ ఆగిందో అక్కడే ఉండేది. టిక్కుల మేడమ్ టిక్కు పెట్టేది.

ఈసారి లిఫ్టు గురువారం ఆగింది. డయాలసిస్ గది మూడో అంతస్తులో ఉంది. కింద నుంచి పై వరకు మెట్లు అరవయ్యారు. నడవలేని వాళ్ళను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందొకరూ వెనకొకరూ పట్టుకుని మోసుకెళ్ళేవారు. ముందు పట్టేది ముప్పయ్యేళ్ళుగా స్ట్రెచర్లు మోస్తున్న పెద్దాయన. వెనక పట్టేది ఎవరు దొరికితే వాళ్ళు. అలా మోయించుకునే వాళ్ళలో ఒక ముసలామె ఉంది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం పదింటికి కోడలి చెయ్యి పట్టుకుని వచ్చేది. మూడు సార్లు కుర్చీలో ఊరేగింది. మూడోసారి, బుధవారం నాడు, నలభయ్యో మెట్టు దగ్గర పెద్దాయన చెప్పు జారింది. ఎవరూ పడలేదు. కుర్చీ ఒక్కసారి పక్కకు ఒరిగి, మళ్ళీ నిలబడింది. అంతే.

శుక్రవారం ముసలామె రాలేదు.

టిక్కుల మేడమ్ కోడలికి ఫోను చేసింది. అత్తయ్య రానంటోందని, నలుగురి మీద శవంలా ఊరేగడం కంటే ఇంట్లోనే ఉంటానంటోందని, ఒక్క రోజు తప్పితేనే కాళ్ళు ఉబ్బుతున్నాయని ఆ కోడలు గొంతు తగ్గించి చెప్పింది. ఫోను పెట్టేశాక టిక్కుల మేడమ్ చాలాసేపు తన కుడిచేతి వేళ్ళ వైపు చూసుకుంది. పదకొండు టిక్కులు పెట్టిన వేళ్ళు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ముభావంగా ఉంటే, ఆకలి మీదున్న భర్త సంగతేమిటని అడిగాడు. ఆమె చెప్పింది. వాళ్ళు చూస్తామన్నారు కదా, చూస్తారులే, ముందు అన్నం పెట్టు అన్నాడాయన శాంతంగా. ఆమె ఖాళీ కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“వండుతానని పొద్దున్నే చెప్పాను కదా. చెప్పడమే పనైతే, వంట అయిపోయినట్టే. తినండి.”

ఆయన కంచం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, లేచి వెళ్ళి తనే బియ్యం కడిగాడు. ఆ కుక్కరు మూడు కూతలు కూసేలోపు టిక్కుల మేడమ్ హృదయకుహరంలో యుద్ధభేరి మోగింది.

ఇక ఆమె సన్నాహం చూడండి. చెప్పు జారిన మరునాటి నుంచే ఆమె మెట్ల మొదట్లో స్టూలు వేసుకుని, రూళ్ళ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పైకి మోయబడుతున్న వాళ్ళను లెక్కపెడుతూ ఉంది. పోయేవాళ్ళందరూ ఆమెను వింతగా చూశారు. పెద్దాయన మాత్రం రెండో రోజు ఆగి, ఇన్నేళ్ళలో మేం మోసేది లెక్కపెట్టినవాళ్ళు లేరమ్మా అని చెప్పి పోయాడు. మూడు రోజులకు లెక్క నలభయ్యొకటి తేలింది. శనివారం ఆమె నెలవారీ సమీక్షకు వేదిక మార్చింది. కింది హాలు పిల్లల టీకాలకు ఇచ్చారు కనుక సమావేశం మూడో అంతస్తు గదిలో, సోమవారం పదింటికి అని నోటీసు తీసింది. హాలు టీకాలకు ఇచ్చిన మాట నిజం. ఇమ్మని సలహా ఇచ్చినదెవరో మాత్రం ఏ ఫైలులోనూ లేదు. ఆ తరవాత కోడలికి మళ్ళీ ఫోను చేసి, సోమవారం తప్పకుండా తీసుకురమ్మని, మెట్ల మీద తనే పక్కన ఉంటానని మాటిచ్చింది.

అలా తెల్లవారింది ఆ సోమవారం.

పదింటికి అయిదు నిమిషాల ముందు ప్రతిపక్ష సేనాని వేంచేశాడు. లిఫ్టు కంపెనీ తరఫు మేనేజరు. తెల్లచొక్కా కవచధారి, లాప్‌టాప్ ఖడ్గపాణి, మందహాస నిరంతర విరాజమానుడు. ఆసుపత్రి వాళ్ళు ఆయనను నవ్వుల మేనేజరు అనేవారు. ఎంత తిట్టినా నవ్వేవాడు కనుక తిట్టే వాళ్ళే విసిగి ఊరుకునేవారు. ఆయన వెనక సూపరింటెండెంటు గారు వచ్చారు. ఆయన గది కిందే. మెట్లెక్కే అవసరం ఆయనకు ఎనిమిదేళ్ళుగా కలగలేదు. మూసి ఉన్న లిఫ్టు చూసి, ఇదింకా అవ్వలేదా అని అడిగారు. స్పందించాం సార్ అన్నాడు మేనేజరు నవ్వుతూ. సరే పదండి అన్నారు సూపరింటెండెంటు, తన మోకాళ్ళను తాను నమ్మి.

అప్పుడా మహారోహణం ప్రారంభమైంది. మొదటి ఇరవై రెండు మెట్లు మాటలతో గడిచాయి. రెండో అంతస్తుకు పోయే దారిలో మాటలు ఊపిరిగా మారాయి. ముప్పయ్యారో మెట్టు దగ్గర సూపరింటెండెంటు గారు గోడకు చెయ్యి ఆనించి, పర్వత శిఖరాన నిలిచిన విజేతలా కాక, పర్వతం కింద పడ్డ యాత్రికుడిలా ఆగిపోయారు. మేనేజరు చొక్కా కవచం వీపుకు అతుక్కుంది. మందహాసం మటుకు చెక్కుచెదరలేదు.

సరిగ్గా ఆ సమయాన కింద నుంచి, పక్కకు జరగండి, పక్కకు జరగండి అన్న కేక వినిపించింది. కుర్చీ వచ్చింది. ముందు పెద్దాయన, వెనక ఒక తోటమాలి, నడుమ ముసలామె. అందరూ గోడలకు హత్తుకున్నారు. టిక్కుల మేడమ్ గబగబా నాలుగు మెట్లు దిగి, మాటిచ్చినట్టే కుర్చీ పక్కన నడిచింది. ముసలామె వచ్చే వేళ ఆమెకు తెలుసు. తెలిసే పదింటికి పెట్టింది. అయినా ఆ కళ్ళు మూసుకున్న మొహాన్ని అంత దగ్గరగా చూసేసరికి, ముసలితనాన్ని ఆయుధంగా ఎత్తి చూపిస్తున్నట్టు తోచి, ఆమె మనసు చివుక్కుమంది.

మలుపులో కుర్చీ ఒక క్షణం ఆగింది. ముసలామె కళ్ళు తెరిచి, గోడకు ఆనుకుని వగరుస్తున్న సూపరింటెండెంటు గారిని చూసింది.

“నువ్వూ డయాలసిస్‌కేనా నాయనా? మెల్లగా ఎక్కు. తొందరేం లేదు. వీళ్ళు మంచోళ్ళు, అడిగితే నిన్నూ మోస్తారు.”

సూపరింటెండెంటు గారు గోడ వదిలి మిగతా మెట్లు ఎక్కసాగారు. మేనేజరు కూడా.

మూడో అంతస్తు గదిలో నీళ్ళు తాగడానికే అయిదు నిమిషాలు పట్టింది. తరవాత మేనేజరు లాప్‌టాప్ తెరిచాడు. గోడ మీద ఆకుపచ్చని అరణ్యం ప్రత్యక్షమైంది. వరసకు వరస, గడికి గడి, ఇరవయ్యారు మాసాల అఖండ హరిత సామ్రాజ్యం. కిందటి నెల స్పందన, నూటికి నూరు. ఈ నెల స్పందన, నూటికి నూరు.

అంతట టిక్కుల మేడమ్ సింహాసనం వదిలిన సింహిలా లేచింది. దిక్కులు దద్దరిల్లినవని, ఫ్యాను గాలి స్తంభించినదని, కిటికీ అద్దాలు కంపించినవని చెప్పాలనే ఉంది. ఆమె నోట వెలువడిన మాటలు మాత్రం ఇవీ:

“సార్, ఒక్క నిమిషం. ఒప్పందం నూటపన్నెండు పేజీలూ చదివాను. స్పందించాలని ఉంది. స్పందించడమంటే ఏంటో ఎక్కడా లేదు.”

లేదు కాబట్టి మెసేజ్ పంపినా స్పందనే మేడమ్, మీరే పదకొండు నెలలు టిక్కు పెట్టారు కదా అన్నాడు మేనేజరు, నవ్వుతూనే. ఆ బాణం సూటిగా వచ్చి తగిలింది. సూపరింటెండెంటు గారు ఆమె వైపు తిరిగారు.

“పెట్టాను. చూడకుండా పెట్టాను. ఆ తప్పు నాది, అది కూడా రాసుకోండి. ఈ నెల చూశాను.” ఆమె రూళ్ళ పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. “మూడు రోజుల్లో నలభయ్యొక్క మందిని మోశారు. ఇది మీ పట్టికలో ఏ గడిలో ఉంది?”

పుస్తకం చేతులు మారింది. మేనేజరు పేజీ తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఇరవయ్యారు నెలల్లో మొదటిసారి ఆయన మొహం మీద నుంచి నవ్వు, సాయంత్రం దుకాణం షట్టరులా కిందికి జారింది. గొంతు తగ్గించి, ఎవరితోనూ చెప్పనిది చెబుతున్నట్టు చెప్పాడు.

“నా దగ్గరున్నది ఇద్దరే మెకానిక్‌లు మేడమ్. పంతొమ్మిది బిల్డింగులు. మూడో మనిషి కావాలని ఎన్నిసార్లు అడిగానో.”

“ఎందుకిస్తారు?” అంది టిక్కుల మేడమ్. ఆమె గొంతులో కోపం పోయింది. “ఇరవయ్యారు నెలలుగా అంతా బాగుందని మీరు రాస్తున్నారు, పదకొండు నెలలుగా నేను టిక్కు పెడుతున్నాను. ఇంత పచ్చగా ఉన్నవాడికి ఇంకో మనిషి ఎందుకని మీ పైవాళ్ళు అనుకోరా?”

ఆ ఆలోచన మేనేజరుకు ఇంతకాలం ఎందుకు తట్టలేదో ఆయనకే అంతుపట్టనట్టుంది.

తదనంతరం రంగుల సంగ్రామం జరిగింది. ఆమె ఎరుపు అడిగింది. ఎరుపైతే నన్ను ఇంటికి పంపుతారు మేడమ్ అని ఆయన బతిమాలాడు. ఆకుపచ్చలోనే కొంచెం లేతది వేద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. పసుపుపచ్చ వేయండని సూపరింటెండెంటు గారు మోకాళ్ళు పాముకుంటూ తీర్పు చెప్పారు. సరే, అయితే గడిలో ‘పచ్చ’ అని రాస్తాను సార్, రెండూ పచ్చలే కదా అన్నాడు మేనేజరు, పోతున్న ప్రాణాన్ని చివరి కొమ్మకు తగిలిస్తూ. పసుపు అని రాయండి అంది టిక్కుల మేడమ్. రాశాడు. దాని కింద, ఇకపై స్పందన అంటే మెకానిక్ స్వయంగా యంత్రం ఎదుట నిలబడడమే అని ఒక వాక్యం చేరింది. ముగ్గురూ సంతకాలు చేశారు.

ప్రింటు తీస్తే అసలు సంగతి తెలిసింది. ఆఫీసు ప్రింటరులో నలుపు తప్ప రంగు లేదు. ఆకుపచ్చలన్నీ బూడిద రంగులో వచ్చాయి. పసుపుపచ్చ కూడా బూడిద రంగులోనే, వెంట్రుకవాసి తేడాతో, వచ్చింది. పైకి పోయేది ఈ ప్రింటే కనుక, ఇరవయ్యారు నెలలుగా పైవాళ్ళు చూస్తున్నది కూడా ఈ బూడిదేనని అప్పుడు ముగ్గురికీ అర్థమైంది. టిక్కుల మేడమ్ రంగు ప్రింటు కోసం పక్క దుకాణానికి మనిషిని పంపలేదు. టీకాల గదిలోకి దిగి వెళ్ళి, పిల్లలు బొమ్మలకు రంగులు వేసుకుంటున్న డబ్బా లోంచి పసుపు పెన్సిలు అడిగి తీసుకుని, మళ్ళీ అరవయ్యారు మెట్లెక్కి, ఆ ఒక్క గడినీ అంచు దాటకుండా, తాపీగా నింపింది.

కొత్త నిర్వచనం ప్రకారం మెకానిక్ మూడు గంటల యాభై నిమిషాల్లో వచ్చి యంత్రం ఎదుట నిలబడ్డాడు. స్పందన సంపూర్ణమైంది. సామాను దొరకాలంటే ఇంకో మూడు రోజులు పడుతుందని చెప్పి వెళ్ళాడు. బుధవారం ముసలామె ఇంకోసారి కుర్చీలోనే పైకెక్కింది; టిక్కుల మేడమ్ పక్కన నడిచింది. గురువారం సాయంత్రం లిఫ్టు పెదవి విప్పింది. శుక్రవారం ముసలామె అందులో నిలబడి, కోడలి భుజం మీద చెయ్యి వేసి, మూడో అంతస్తు దాకా పోయింది. ఆ సమయాన పెద్దాయన కింద స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఏ పనీ లేకుండా ఉన్నాడు.

మూడో మెకానిక్ సంగతి పరిశీలనలో ఉందని మేనేజరుకు పైనుంచి ఉత్తరం వచ్చింది. అది ఆయనకు వచ్చిన మొదటి ఉత్తరం.

కనుక ఓ సహనశీలురారా, తెలుసుకోండి. నూటపన్నెండు పుటల మహాదుర్గాన్ని భేదించి, ఇరవయ్యారు మాసాల హరిత సామ్రాజ్యాన్ని గడగడలాడించి, ఆ వీరనారి ఏకాకిగా జయించి, పెన్సిలుతో తన ఏలుబడిలోకి తెచ్చుకున్న భూభాగం విస్తీర్ణం ఇదీ: పొడవు రెండు అంగుళాలు, వెడల్పు అర అంగుళం.