రొయ్యల పాఠం, మిర్చి దగ్గు

కంపెనీ పాఠం ఎంత పాతదైతే అంత మంచిది! నమ్మరా? కొత్త పాఠం తయారు చేయాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. ఆలోచిస్తే బుర్ర వేడెక్కుతుంది, టైం వేస్టవుతుంది. అందుకే తెలివైన కంపెనీలు ఆఫీసు కంప్యూటర్లో పడున్నదంతా ఊడ్చి, వెనకాల కాస్త మ్యూజిక్ పెట్టి, దానికి ఈ-లెర్నింగ్ కోర్సు అని పేరు పెడుతున్నాయి. ఇందులో ఎంత మేలుందో చూడాలంటే ముదిగొండలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ దాకా రావాలి.

దాని యజమాని బసవపున్నయ్య. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఆసామి. అక్కడ రొయ్యల ప్లాంటు, ఇక్కడ మిర్చి కోల్డ్ స్టోరేజీ. రెండుచోట్లా ట్రైనింగ్ వ్యవహారం అల్లుడు ఉదయ్ భాస్కర్‌ది. అల్లుడుగారు ఏదీ పారేసే రకం కాదు. ఇంటిల్లిపాదీ పాపికొండల లాంచీ ఎక్కినప్పుడు తీసిన వీడియోని ‘టీమ్ వర్క్’ కోర్సు చేశాడు. మామగారు వాట్సాప్‌లో స్టాఫ్‌ని తిట్టిన తిట్లు వరసగా అతికిస్తే ‘మోటివేషన్’ తయారైంది. ఒక మేనేజరు రిటైరవుతూ కన్నీళ్ళతో చేసిన ప్రసంగాన్ని కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చూపిస్తున్నారు. చివర్లో ఏడవాల్సింది ముందే ఏడ్చేస్తే ఆ తర్వాత ఉద్యోగమంతా హాయే కదా!

ఈ కోర్సులన్నీ అందరి చేతా పూర్తి చేయించాల్సిన సూపర్‌వైజర్ భార్గవి. జూలూరుపాడు దగ్గర తండా అమ్మాయి, డిగ్రీ చదివింది. మేనత్త జమ్లిని ఇక్కడ మిర్చి బస్తాల పనిలో పెట్టించింది కూడా ఆమే. అందుకే ఆమెకి ఒక భయం పట్టుకుంది. గదుల్ని చల్లబరిచేది అమోనియా గ్యాస్. అది లీకైతే ఏ వాల్వు ఎటు తిప్పాలో, మిషన్ బిగించి వెళ్ళిపోయిన ఫిట్టరుకి తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు. స్విచ్ వేస్తే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది, అంతే. అలాంటి మిషన్ పక్క గదిలో అత్త రోజంతా ఉంటుంది.

“సార్, ఆ ఫిట్టరును ఒక్క పూట పంపుండ్రి. మిషన్ కాడ నిలబడి చూపెట్టి పోతే చాలు,” అని ఫోన్లో బతిమాలింది.

“మనిషెందుకు భార్గవీ? కంటెంట్ ఉందిగా!” అన్నాడు ఉదయ్ భాస్కర్.

ఉంది మరి! రొయ్యల ప్లాంటులో ఎప్పుడో తీసిన సేఫ్టీ వీడియో. అదే అందరి ఫోన్లకీ వచ్చింది. రొయ్య తల తీసేటప్పుడు ఏ గ్లౌజులు వేసుకోవాలన్న ప్రశ్నకి మిర్చి హమాలీలందరూ కరెక్టుగా జవాబు చెప్పారు. ప్రతి ఒక్కరికీ ‘శిక్షణ పొందిన వ్యక్తి’ అని సర్టిఫికెట్ వచ్చింది.

ఆ వీడియోలో ఒక ముఖ్యమైన సూత్రం ఉంది. ‘దగ్గు, కళ్ళ మంట మొదలైతే వెంటనే పని ఆపి బయటికి పరుగెత్తండి.’ రొయ్యల దగ్గర ఎవరూ ఊరికే దగ్గరు, దగ్గితే అది గ్యాసే. మరి మిర్చి బస్తాల మధ్య దగ్గని మనిషిని మీరెక్కడైనా చూశారా?

మర్నాడు పొద్దున జమ్లి దగ్గింది. బస్తా వదిలేసి, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. ఆమె వెనకే మిగతావాళ్ళంతా. లోడుతో వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచిపోయాయి.

“ఏమైందత్తా?” భార్గవి గాభరాగా వచ్చింది.

“ఏం గాలే బిడ్డా. దగ్గొస్తే ఉరకమన్నడు గద ఫోన్ల సారు. ఉరికిన.”

“గది మిర్చి ఘాటే అత్తా!”

“నాకు ఎర్కలేదా ఏంది? గని సర్టిఫికెట్ ఇచ్చిండ్రు గద. తీస్కున్నంక ఉరకకపోతే మంచిగుండదు.”

ఆ రోజు నుంచి గంట గంటకీ పరుగే. జనం ఒళ్ళు తేలికపడింది, రైతుల నోళ్ళు లేచాయి. బసవపున్నయ్య అల్లుణ్ణి పిలిచి అడిగాడు. అల్లుడుగారు కొత్త పాఠం చేశాడా? ఛ, అంత అమాయకుడేం కాదు! దగ్గు గురించి ఉన్న ముక్క కోసేశాడు. ప్రమాదం గురించి మిగిలింది ఒకటే వాక్యం: ‘ప్రమాదం జరిగితే శిక్షణ పొందిన వ్యక్తిని పిలవండి.’

తర్వాత కొన్నాళ్ళకి నిజంగానే గ్యాస్ లీకైంది. ఈ ఘాటు వేరని ముక్కులకి తెలిసిపోయింది. ఎవరూ చెప్పకుండానే అందరూ బయటపడ్డారు, జమ్లి తప్ప. భార్గవి కొంగు తడిపి ముఖానికి చుట్టుకుని లోపలికి పోయి, దగ్గుతూనే బస్తా ఎత్తుతున్న అత్తని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

“నీకేమన్న పిచ్చా అత్తా?” అని కోపంతో అరిచి, ఆమెని పట్టుకుని ఏడ్చేసింది.

“దగ్గితే ఉరకమన్న మాట తీసేసిండ్రు గద బిడ్డా!”

ఇంతలో ఆవరణంతా ఒకటే కేక, శిక్షణ పొందిన వ్యక్తి ఎక్కడ అని. ఎక్కడేమిటి? అక్కడున్నవాళ్ళంతా వాళ్ళే! ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. చివరికి ఖమ్మం నుంచి ఫైరింజను వచ్చింది. ముఖానికి మాస్కు, వీపున సిలిండరు తగిలించుకున్న ఒకాయన లోపలికి వెళ్ళి వాల్వు కట్టేశాడు.

సాయంత్రం ఉదయ్ భాస్కర్ ఫోన్. భార్గవి ఫిట్టరు మాట ఎత్తబోయింది.

“ఇంకా ఫిట్టరెందుకు? వాల్వు కట్టేయడం మొత్తం సీసీ కెమెరాలో రికార్డయింది. కొత్త కోర్సు రెడీ!”

చూశారా, ప్రమాదం కూడా వృథా పోలేదు! మర్నాడే అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. భార్గవి, జమ్లి మెట్ల మీద పక్కపక్కన కూర్చుని చూశారు. తెర నిండా ఫైరు ఆయన వీపు, దాని మీద సిలిండరు. అవతల చేతులు ఏదో తిప్పుతున్నాయి. ఎటు తిప్పుతున్నాయో కనపడదు. కింద ప్రశ్న: ‘వాల్వు ఎటు తిప్పాలి?’

జమ్లి ఫోను దగ్గరికి వంగి, పక్కనుంచి కూడా చూసింది.

“బిడ్డా, గీయన జర పక్కకు జరగడా?”

“జరగడత్తా. గది కంటెంట్,” అంది భార్గవి. “మనిషైతే జరిగేటోడు.”