అక్క కారు మీద వెండి చుక్కలు

ఒక ఊరు ఎంత నాగరికమైనదో తెలుసుకోవాలంటే, గాలికి కొట్టుకొచ్చిన రంగు ఎవరి సొత్తో తేల్చే శాఖ అక్కడ ఉందో లేదో చూడాలి. మా ఊళ్ళో ఉంది. రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమ వైపు.

విషయం చిన్నది. పదిహేను రోజులు ఉండి పోదామని వచ్చిన మా అక్క (డెబ్బై నాలుగేళ్ళు, కారు తనే నడుపుతుంది, ఎవరి మాటా వినదు) బుధవారం బయలుదేరాలి. మంగళవారం మధ్యాహ్నం, గాలి బాగా వీచే వేళ చూసుకుని మరీ, మా వీధి దీపస్తంభానికి వెండి రంగు పిచికారీ చేశారు. స్తంభానికి అంటినంత అంటింది. మిగిలింది పక్కనే ఉన్న అక్క నల్ల కారు మీద చుక్కలు చుక్కలుగా పడి ఎండిపోయింది.

కార్లు కడిగే అతన్ని పిలిచాం. "సబ్బు నీళ్ళు చల్లి ఈ బంకముద్దతో మెల్లగా రుద్దితే ఊడొస్తాయమ్మా. అరగంట పని," అన్నాడు. ముద్ద ఇంకా తలుపుకు తగలనైనా లేదు, వీధి దీపాల శాఖ పర్యవేక్షకుడి స్కూటర్ వచ్చి ఆగింది.

"అది శాఖ రంగండీ. స్తంభం కోసం మంజూరైంది. మీ ఇష్టమొచ్చినట్టు తీసేస్తే ఎలా?"

"అయితే మీరే తీసుకుపోండి నాయనా. నేనేం అడ్డం రాను," అంది అక్క.

"తీసుకుపోవాలంటే ముందు లెక్క తేలాలి కదమ్మా," అన్నాడాయన, ఎంతో మర్యాదగా. విచారణ ముగిసేవరకు వాహనం కదపరాదని అద్దానికి నోటీసు అంటించాడు. (ఆ జిగురు ఏ శాఖదో అందులో రాయలేదు.)

మర్నాడు లెక్కింపు అధికారి వచ్చాడు. చేతికి పలచటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, కళ్ళు మూసుకుని, కారును తడమడం మొదలుపెట్టాడు. కంటికి ఆనని చుక్క కూడా సంచిలోంచి గరుకుగా తగులుతుందట. డాక్టరు పొట్ట నొక్కి చూసినట్టు అక్కడక్కడా ఆగి, ఊఁ అని, పుస్తకంలో గీత గీసేవాడు. ముందు భాగానికి రెండు రోజులు, పైకప్పుకు మూడు. టీ ఇస్తే లెక్క మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. నేను టీ తరచుగా ఇచ్చాను.

అక్క రోజూ సర్దిన పెట్టె విప్పి ఒక చీర తీసేది. సాయంత్రాలు వరండాలో కూర్చుని, అరవై ఏళ్ళనాటి మా పోట్లాటల్లో తప్పెవరిదో విచారించాం. (ఆమెదే.)

"ఏమే, వీళ్ళను నువ్వే పిలిపించావా?" అందొక రోజు.

"నాకంత పలుకుబడి ఉంటే, అక్కా, నువ్వొచ్చిన రోజే రంగు కొట్టించేదాన్ని."

అక్క గ్లాసు కింద పెట్టింది. మా వయసులో 'వెళ్ళొస్తాను' అనే మాటలో రెండో సగానికి ఎవరూ హామీ ఇవ్వరు. దానికి ఏ శాఖలోనూ ఫారం లేదు.

తొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. చుక్కలు రెండు వేల నూట పదకొండు. వాటిపై శాఖ తన హక్కు వదులుకున్నది. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలుపవలెను. కార్లు కడిగే అతను బకెట్టుతో హాజరయ్యాడు. అక్క పెట్టె డిక్కీలో పెట్టింది. పెట్టి, ఏం తోచిందో, అధికారి వదిలేసి వెళ్ళిన సంచి చేతికి తొడుక్కుని కారు చుట్టూ తిరిగింది. పక్కద్దం అడుగున ఆగింది.

"ఇదిగో, ఇక్కడొకటి వదిలేశారు. లెక్క తప్పు."

"ఒక్కటే కదమ్మా, దాన్నీ రుద్దేస్తాను."

"శాఖ సొత్తయ్యా. నీ ఇష్టమేనా?" అంది అక్క. నా వైపు చూడలేదు. "ఆ ఆఫీసు ఎక్కడే?"

"రెండో అంతస్తు. ఎడమ వైపు."

ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మెట్లెక్కి, మళ్ళీ మొదటి నుంచి లెక్కించాలని కోరుతూ అభ్యంతరం దాఖలు చేశాం. గుమస్తా మా ఇద్దరినీ చూసి, పాపం పెద్దవాళ్ళని జాలిపడి, కుర్చీలు వేయించి, రెండు వేల నూట పన్నెండు అని దిద్ది, అక్కడికక్కడే ముద్ర వేసి చేతికిచ్చాడు. ఆ శాఖ పుట్టాక ఒక్క రోజులో తేలిన ఫైలు అదొక్కటేనట.