పైన ఉన్న సమస్య

ఆ ఉదయం ఆకాశం నల్లగా కమ్ముకొస్తుంటే పెద్దటీచరమ్మ ముఖం వెలిగిపోయింది.

"గొడుగు మర్చిపోతున్నావ్," అన్నాడు భర్త.

"వానెప్పుడు పడుతుందా అని నేను చూస్తుంటే గొడుగేంటండీ! నాయకుడుగారు ఇవాళ మా బడికొస్తున్నారు. మూడో తరగతిలో కూర్చోబెడతాను. కప్పు ఎలా కారుతోందో ఆయన కళ్లారా చూస్తే చాలు."

ఆ కప్పు గురించి ఆవిడ ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. వానొస్తే పిల్లలు పుస్తకాలు చొక్కాల్లో దోపుకుని, గోడలకు అతుక్కుని ఎక్కాలు అప్పజెబుతారు. అయినా బడి మానరు.

ఆవిడ వెళ్లేసరికి విద్యాధికారి బడిలో ఉన్నాడు. పెచ్చులూడిన కప్పు చూసి ఆయనకు ముచ్చెమటలు పోస్తున్నాయి.

"ఇది ఆయనకి చూపిస్తే నా ఉద్యోగం ఉంటుందా అమ్మా?"

"చూపించకపోతే బాగయ్యేదెలా సార్?"

"ముందు ఆయన్ని చూసి వెళ్లనివ్వండి. తర్వాత బాగుచేద్దాం."

కాసేపట్లో కప్పు కనబడకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు మందపాటి పూలగుడ్డ ఒకటి కట్టేశారు.

నాయకుడు వచ్చి సరిగ్గా దాని మధ్య కిందే కూర్చున్నాడు. వెనకే వానా వచ్చింది. చుక్క కింద పడలేదు. గుడ్డకు మాత్రం మెల్లగా పొట్ట పెరగసాగింది.

"బాగుందే బడి! సమస్యలేమైనా ఉన్నాయా అమ్మా?"

"సమస్యంతా పైనే ఉంది సార్!"

నాయకుడు ముఖం చిట్లించాడు. "పైవాళ్లని అనడం తేలికేనమ్మా."

"అయ్యో, మిమ్మల్ని కాదు సార్. మీ పైన..."

"మా పైవాళ్లనా?"

"ఆవిడ ఉద్దేశం అది కాదు సార్," అంటూ అధికారి అడ్డొచ్చాడు.

ఆవిడ ఆగలేకపోయింది. "ఏ క్షణమైనా కూలిపోతుంది సార్!"

"ప్రభుత్వమా?" అంటూ నాయకుడు విసురుగా లేచాడు. తల వెళ్లి గుడ్డకు తగిలింది.

నీళ్లూ పెచ్చులూ కలిసి ఒక్కసారిగా ఆయన మీద పడ్డాయి. పిల్లలు ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు చొక్కాల్లో దోపుకుని గోడలకు అతుక్కున్నారు.

నాయకుడు ముఖం తుడుచుకున్నాడు. "ఇలాంటి గదిలోనా పసిపిల్లల్ని కూర్చోబెట్టేది? ఇక ఒక్కరోజు కూడా వీల్లేదు. వెంటనే చర్య తీసుకోండి!"

ఇన్నేళ్లకు ఆ మాట ఒకరి నోట విన్నందుకు పెద్దటీచరమ్మ కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ జోడించింది.

చర్య నిజంగానే వెంటనే తీసుకున్నారు. భవనం ప్రమాదకరమని బడి మూసేసి, పిల్లల్ని పెద్దరోడ్డుకు అవతలున్న బడిలో కలిపేశారు.

"కప్పు మీద రేకులేయిస్తే సరిపోయేది కదా సార్!" అని అధికారి దగ్గర మొరపెట్టుకుందావిడ.

"రేకులకి నిధుల్లేవమ్మా. తాళానికున్నాయి."

కొత్త బడి మొదలైన రోజు ఆవిడ పిల్లల్ని దాటించడానికి పెద్దరోడ్డు పక్కన నిలబడింది. లారీల మధ్య సందే లేదు. సగం మంది రానేలేదు. వచ్చినవాళ్లలో ఒక పాపను తల్లి రోడ్డు చూసి చంకనెత్తుకుంది.

"రేపట్నుంచి పంపనండీ. ఏమనుకోకండి," అంది.

ఆ పాప తల్లి భుజం మీదుగా పెద్దటీచరమ్మనే చూస్తూ వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే, తన ప్రాంతంలో కప్పు కారే బడులు తగ్గాయని నాయకుడు సభలో ప్రకటించాడు. అందులో అబద్ధమేమీ లేదు.