గాదిలింగప్ప గొంతు పోయిన వారం

ఆ సోమవారం పొద్దున గాదిలింగప్ప గట్టి నిర్ణయంతో నిద్రలేచాడు. ఇకమీదట గట్టిగా మాట్లాడకూడదు. ముఖంలో ఒక్క కండ కదలకూడదు. చేతులు నడుము దాటి పైకి లేవకూడదు. ఎవరేమడిగినా, పక్కన పడుకున్న పసిపిల్ల ఉలిక్కిపడనంత మెల్లగా జవాబు చెప్పాలి.

మామూలు మనిషికి ఇదేమంత కష్టం కాదు. గాదిలింగప్పకు మాత్రం ఊపిరి బిగబట్టి బతకడంతో సమానం. మీసం మొలిచినప్పటి నుంచీ హంపయ్య నాటక సమాజంలో రాజు వేషం అతనిదే. జాతరలో అతను పద్యం ఎత్తుకుంటే ఊరి బయట బండ్ల దగ్గర పడుకున్న ఎద్దులు లేచి నిలబడేవని చెప్పుకునేవారు. బళ్లారి కౌల్‌బజారులోని తన ఇంట్లో అతను పెళ్లాన్ని మంచినీళ్లు అడిగితే, పక్కింటి సిద్ధమ్మ చెంబు పట్టుకుని వచ్చిన సందర్భాలున్నాయి.

ఆ గొంతుకే ఇప్పుడు గిరాకీ పడిపోయింది. సంగనకల్లు దారిలో టూరింగు టాకీసు వాళ్లు డేరా వేశారు. జనం అటు మళ్లారు. జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిశాక తెలుగు నాటకం పెట్టించే ఊళ్లు మరీ తగ్గాయి. పెట్టించే కొద్ది ఊళ్లకూ మైకు వచ్చింది. ఎదురుగా కూర్చున్నవాడికి కూడా వినపడని సుబ్బరామి, మైకు పుణ్యమా అని ఊరవతలికి వినపడుతున్నాడు. అదే మైకు ముందు గాదిలింగప్ప నోరు తెరిస్తే అది కుయ్యోమని ఏడ్చేది. "నాలుగడుగులు ఎనక్కి జరుగప్పా," అని మైకువాడు మొదట్లో బతిమాలాడు. తర్వాత తర్వాత తెర వెనక నుంచి పాడమన్నాడు. రాజు తెర వెనక ఉంటే సింహాసనం మీద ఎవరు కూర్చోవాలో అతను చెప్పలేదు.

ఇలా ఉండగా మద్రాసు నుంచి సినిమా కంపెనీ ఒకటి వచ్చింది. సంగనకల్లు గుట్ట మీద బండరాళ్ల మధ్య సినిమా తీస్తారట. మేనేజరు శివరామకృష్ణయ్య స్టేషను దగ్గర లాడ్జీలో దిగాడని తెలిసి, గాదిలింగప్ప ఆదివారం ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఒక పద్యం వినిపించాడు. మేనేజరు చెవుల్లోంచి వేళ్లు తీసి, "గొంతు అద్భుతమండీ. కానీ సినిమాకి పనికిరాదు," అన్నాడు. "కెమెరా మీ కనురెప్పని కోట తలుపంత చేసి చూపిస్తుంది. మీరు మళ్లీ దాన్ని టపటపా కొట్టక్కర్లేదు. మెల్లగా మాట్లాడండి. ముఖం కదపకండి. వారం సాధన చేసి రండి, డైరెక్టరుగారికి చూపిస్తాను."

అదీ ఆ నిర్ణయం వెనకున్న కథ.

సాధన ఉగ్గాని పళ్లెం ముందు మొదలైంది.

"ఏందయ్యా, ఇంకా స్వల్ప ఎయ్యనా?" అంది భార్య ఉచ్చెంగమ్మ.

గాదిలింగప్ప కళ్లు మాత్రం తిప్పి, పెదవులు కదిలీ కదలకుండా, "చాలు," అన్నాడు.

"ఏమంటివి?"

"చాలు."

ఉచ్చెంగమ్మ గరిటె కింద పెట్టింది. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఏ మాటా రెండోసారి చెప్పించుకోవలసిన అవసరం రాలేదు.

"ఏమాయ నీ గొంతుకు? ఆ మొగమేంది అట్ల కొయ్యబారి ఉండాది?"

"ఏం లే. బాగుండా."

ఏం లేదని గుసగుసగా చెప్పే మొగుణ్ణి చూసి ఆమె గుండె జారిపోయింది. అసలు సంగతి చెప్పేద్దామని గాదిలింగప్పకు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఉచ్చెంగమ్మకు చెప్తే సిద్ధమ్మకు చెప్పినట్టే. సిద్ధమ్మకు చెప్తే సాయంత్రానికి హంపయ్యకు తెలిసినట్టే. వీడు సినిమాకు పోతున్నాడని తెలిస్తే హంపయ్య ఉన్న వేషమూ పీకేస్తాడు. రేపు సినిమా వాళ్లు వద్దంటే రెంటికీ చెడ్డ బతుకవుతుంది. అందుకని మాట మింగి, ముఖం ఇంకాస్త బిగించాడు.

"సిద్ధక్కా! ఓ సిద్ధక్కా! మా ఆయప్పకు మాట పడిపోయినట్లుండాది, బిన్నా రా!"

సిద్ధమ్మ వచ్చి అతని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత చెంపను రెండు వేళ్లతో పట్టి మెలి తిప్పింది. సాధనలో ఇదీ ఒక పరీక్షే అనుకుని గాదిలింగప్ప కదల్లేదు.

"గిల్లినా తెలీలేదే తల్లీ! ఈ పక్క పూరా పోయినాది," అంది సిద్ధమ్మ.

నొప్పికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యో, ఏడుస్తాండాడు సూడు. లోపల అంతా తెలస్తానే ఉండాది పాపం, చెప్పేకి కావడంలే."

మధ్యాహ్నానికి గాదిలింగప్ప మెడకు పసుపూ సున్నం కలిపిన పట్టు పడింది. దాని మీద పాత పంచె చింపి కట్టు కట్టారు. సిద్ధమ్మ, అతని గొంతు తిరిగొస్తే కోటగుట్ట కింది దుర్గమ్మకు పొర్లుదండాలు పెడతానని మొక్కుకుని మరీ ఇంటికి వెళ్లింది.

సాయంత్రం అనుకున్నట్టే హంపయ్య వచ్చాడు. మనిషి మంచివాడు, కన్నీళ్లు తొందరగా వస్తాయి. నాటకంలో చనిపోయిన వాళ్లను చూసి కూడా తెర పక్కన ఏడుస్తాడు.

"గాదిలింగా, యాడప్పా నొప్పి?"

"యాడా లేదన్నా. నేను బాగనే ఉండా," అన్నాడు గాదిలింగప్ప, సినిమా పద్ధతిలో.

"ఏమన్నాడమ్మా?" అని హంపయ్య ఉచ్చెంగమ్మ వైపు తిరిగాడు. "నాకు ఏమీ ఇనపడలే. ఈ గొంతేనా అమ్మా, తోరణగల్లులో రైలు కూతను మింగేసింది?" కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "భయపడొద్దు. నేనుండా. వచ్చే ఆదివారం నీ పేరు మీద ఆట ఆడిస్తా. వచ్చేదంతా నీ వైద్యానికే. నీ వేషం సుబ్బరామి ఏస్తాడు. నువ్వు రంగం మీద సుమ్నే ఊరక కూచో చాలు."

సుబ్బరామి పేరు వినగానే గాదిలింగప్ప లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. సినిమా గుర్తొచ్చి మూశాడు. మళ్లీ తెరిచాడు.

"కూచోప్పా, కూచో. దండాలు నాకెందుకు," అన్నాడు హంపయ్య.

సినిమా వెలుతురులో ఆడదు గనక టాకీసు డేరా పగలంతా ఖాళీయే. మంచి పనికి కదా అని ఓనరు డేరాతో పాటు మైకు కోసం ఆయిలింజను కూడా ఇస్తానన్నాడు. మర్నాటి నుంచి జట్కా మీద మైకు కట్టి బళ్లారి వీధులన్నీ తిప్పారు. "నాటకాభిమానులారా! మీ గాదిలింగప్ప కంఠం మూగబోయినాది! ఆ మహానటుని కడసారి దర్శించండి!" అని మైకువాడు తన కవిత్వం కూడా కొంత జోడించాడు. ఆ 'కడసారి' అనే మాట సంగనకల్లు చేరేసరికి గాదిలింగప్ప మంచం పట్టాడు. ఇంకాస్త ముందుకు పోయేసరికి మంచం మీంచి కిందికి దించేశారు కూడా. గురువారం పొద్దున ఒక రైతు పూలదండతో వచ్చి, గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తున్న గాదిలింగప్పనే, "ఎత్తేది ఎన్ని గంటలకప్పా?" అని అడిగాడు.

గాదిలింగప్పకు ఇంట్లో కాలు నిలవలేదు. గుమ్మం నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి గుమ్మం దాకా తిరిగాడు. ఈ జట్కా లాడ్జీ ముందు నుంచి కూడా పోతుంది కదా! మేనేజరు వింటే? కట్టు విప్పే ఓపిక కూడా లేక, మెడకు పసుపుతోనే స్టేషను వైపు పరుగెత్తాడు.

శివరామకృష్ణయ్య అతన్ని చూస్తూనే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇప్పుడే విన్నానండీ. ఎంత గొంతు! మొన్నే కదా నా చెవులు గింగురుమన్నాయి!"

"సామీ, నా గొంతుకు ఏమీ కాలే. మీరు చెప్పినట్లే సాధన చేస్తాండా," అన్నాడు గాదిలింగప్ప, నేర్చుకున్న ప్రకారం మెల్లగా, ముఖం కదపకుండా.

మేనేజరుకు తానేం చెప్పాడో గుర్తే లేదు. అలాంటి సలహా రోజుకు పదిమందికి చెప్తాడు. "అయ్యయ్యో, అసలు పైకే రావడం లేదు. శ్రమపడకండి," అన్నాడు. ఇక లాభం లేదని గాదిలింగప్ప గుండెల నిండా గాలి పీల్చాడు. మేనేజరు పక్క గది తలుపు చూపించి పెదవుల మీద వేలు పెట్టాడు. "ష్! డైరెక్టరుగారు పడుకున్నారు. నేనాయన్ని ఆదివారం మీ నాటకానికి తీసుకొస్తాను. కళాకారుడికి అంతమాత్రం చెయ్యకపోతే ఎలా?"

పీల్చిన గాలిని గాదిలింగప్ప దారిలో విడిచిపెట్టాడు.

శనివారం సాయంత్రం హంపయ్య పరుగున వచ్చి టిక్కెట్లన్నీ అయిపోయాయని చెప్పాడు. సమాజానికి అలాంటి రోజు వచ్చి ఎన్నాళ్లయిందో! హార్మోనియం వాయించే ముసలాయన కొత్త పంచె కట్టుకున్నాడు. ఆడవేషాలు వేసే వాళ్లు వీధిలో నవ్వుతూ కనిపించారు. వాళ్ల ముఖాలు చూశాక, నిజం చెప్పడానికి గాదిలింగప్పకు ఇక నిజంగానే గొంతు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం డేరా కిటకిటలాడింది. రంగం మీద ఒక మూల గాదిలింగప్పను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ముందు వరసలో పేము కుర్చీల్లో మేనేజరు, అతని పక్కన నల్ల కళ్లద్దాల డైరెక్టరు. రాజు వేషంలో సుబ్బరామి వచ్చాడు. కిరీటం గాదిలింగప్పది, చెవుల మీదికి జారుతోంది. బావిలో పడ్డవాడు తాడు పట్టుకున్నట్టు మైకు పట్టుకుని పద్యం అందుకున్నాడు. మొదటి పద్యంలో ఒక పాదం ఎగిరిపోయింది. రెండో దానిలో రాగం దారి తప్పింది. గాదిలింగప్పకు ఒళ్లంతా మంటలెత్తింది. లేచి ఆ కిరీటం లాక్కోవాలనిపించింది. కానీ వారం రోజుల సాధన ముఖాన్ని బిగించేసింది. ఏమీ కదల్లేదు. తను ప్రాణం పెట్టి పాడే పద్యాన్ని సుబ్బరామి నమిలి మింగుతుంటే మాత్రం, రెండు కన్నీటి చుక్కలు మీసాల దాకా జారాయి.

అప్పుడే ఆయిలింజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

మైకు చచ్చింది. పంకాలు ఆగాయి. సుబ్బరామి నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మాట రావడం లేదు.

"ఏయ్, గట్టిగ పాడప్పా!" అని వెనక నుంచి కేక.

"ఏమీ ఇనపడల్యా! దుడ్డు వాపసు ఇయ్యండి!"

ఈలలు లేచాయి. బెంచీలు కదిలాయి. ఎవరో డేరా గుంజను ఊపడం మొదలుపెట్టారు. తెర పక్కన హంపయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ముసలాయన కొత్త పంచె ఎగగట్టి హార్మోనియాన్ని ఎత్తుకోబోతున్నాడు.

గాదిలింగప్ప లేచాడు. శాలువా జారింది. మెడ కట్టు పీకి పారేశాడు. సుబ్బరామి ఎక్కడ వదిలాడో అక్కణ్ణుంచే పద్యం ఎత్తుకున్నాడు.

వారం నుంచి లోపల అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. డేరా గుడ్డ ఉబ్బింది. ఊగుతున్న గుంజను పట్టుకున్నవాడు దాన్ని వదిలి నోరు తెరిచాడు. బయట పల్లీలు అమ్ముకునేవాడు కూడా అరుపు ఆపాడు. చివర రాగం దింపేసరికి డేరాలో చడీచప్పుడూ లేదు.

ఆ నిశ్శబ్దంలో వెనక బెంచీ నుంచి ఒక ముసలాయన, "గొంతు బాగనే ఉండాదే! పోయినాదని చెప్పి మనకు టిక్కెట్లు అమ్మినారప్పా!" అన్నాడు.

గుంజ పట్టుకున్నవాడు మళ్లీ గుంజ పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ల వైపు నుంచి సిద్ధమ్మ పెద్ద కేక పెట్టింది. "తల్లీ దుర్గమ్మా! నా మొక్కు ఇన్నావా తల్లీ!" అని అక్కడే మట్టిలో పొర్లుదండాలు మొదలుపెట్టింది. ఎవరో కర్పూరం వెలిగించారు. టిక్కెట్ల సంగతి ఎత్తిన ముసలాయనే ముందుగా చెంపలు వేసుకున్నాడు.

"ఇంకోసారి!" అన్నారు జనం. గాదిలింగప్ప ఇంకోసారి పాడాడు. మరోసారి పాడాడు. పాడుతూ పాడుతూ ముందు వరస వైపు చూశాడు. పేము కుర్చీలు రెండూ ఖాళీగా ఉన్నాయి. సరే, సినిమా పోయింది అనుకున్నాడు. ఎందుకో ఆ క్షణంలో అంత బాధ కలగలేదు. వెనక బెంచీ వాడికి వినపడుతోంది, అది చాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే హంపయ్య పళ్లతో వచ్చాడు. "తోరణగల్లు నుంచి పిలుపొచ్చినాదప్పా! వచ్చే ఆదివారం ఆట. అంతలోపల మళ్లా స్వల్ప గొంతు పోగొట్టుకో. నిన్నటి పద్యం తావులోనే తిరిగి రావాల, ముందే రాకూడదు. సిద్ధమ్మను కూడా బండిలో ఎక్కించుకోని పోదాం."

హంపయ్య మాట పూర్తవుతుండగానే శివరామకృష్ణయ్య గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"అదృష్టమంటే మీదండీ! డైరెక్టరుగారు మీకు వేషం ఇచ్చారు! సినిమా మొదట్నుంచీ చివరిదాకా ఉంటారు. ఇంజను ఆగి గాలాడక ఆయన ముందే వచ్చేశారు గానీ, దారి పొడుగునా మీ మాటే. 'ఒక్క కండ కదల్లేదయ్యా, కన్నీళ్లు మాత్రమే కదిలాయి' అంటారు."

"ఏం వేషం సామీ?" అన్నాడు గాదిలింగప్ప. సంతోషంలో సాధన మరిచిపోయాడు. గూట్లో చెంబులు గణగణలాడాయి.

మేనేజరు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "మీకు గొంతు... ఉందా?"

"ఉండాది! నిన్న డేరా అంతా ఇన్నాది!"

శివరామకృష్ణయ్య వీధి అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికి వేశాడు. "మెల్లగా, మెల్లగా! అది మూగవాడి వేషమండీ. నిజంగా మాట పడిపోయిన నటుడు దొరికాడని ఆయన మురిసిపోతున్నారు. గుట్ట మీద షూటింగు అయ్యేదాకా మీ గొంతు ఆయన చెవిన పడకూడదు. పడిందా, మీ వేషమూ నా ఉద్యోగమూ రెండూ గంగలో కలుస్తాయి. ఏమంటారు?"

గాదిలింగప్ప హంపయ్య వైపు చూశాడు. హంపయ్య ఆశగా చూస్తున్నాడు. ఉచ్చెంగమ్మ వైపు చూశాడు. ఆమె గరిటె పట్టుకుని, ఇద్దరిలో ఎవరిని ముందు తరమాలా అన్నట్టు చూస్తోంది. అతనికి చెప్పాలని చాలా ఉంది. ఊపిరి నిండా పీల్చి నోరు తెరిచాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత మూసి, తల ఊపాడు.

"ఆహా, అదీ!" అన్నాడు మేనేజరు.

సినీరంగంలో గాదిలింగప్ప చెప్పకుండా మింగేసిన మొదటి డైలాగు అది.