చిన్న కారుకు మంచి రోజులు

చిన్న కారు దొరక్కపోవడం కంటే ఈ సమాజానికి జరిగిన మేలు మరొకటి లేదు. కాదంటారా? అయితే పాత కార్ల బజారుకు ఒకసారి వెళ్లి రండి.

మొన్నమొన్నటిదాకా పాత చిన్న కారంటే ఎంత లోకువ! దాని దుమ్ము మీద పిల్లలు వేలితో పేర్లు రాసేవారు. బానెట్ మీద పిల్లులు కాపురం పెట్టేవి. ఇప్పుడు జనమంతా ఎస్‌యూవీల మీద పడ్డారు. గిరాకీ లేదని కంపెనీలు చిన్నవి తయారుచేయడం మానేశాయి. పోనీ పరాయి దేశంలో వాడినవి ఓడ మీద తెప్పించుకుందామా అంటే, మూడేళ్లు దాటిన కారు మన రేవులో దిగకూడదని ప్రభుత్వం రూలు పెట్టింది. మన క్షేమం కోరే కదా! దాంతో ఊళ్లో మిగిలిన ముసలి కార్లకు ఒక్కసారిగా పెళ్లికళ వచ్చింది.

ఈ మేలు ఎంతటిదో తెలియాలంటే సంగీతం టీచరమ్మ సంగతి వినాలి.

టీచరమ్మ రిటైరై చాలాకాలమైంది. ఆవిడకో చిన్న తెల్ల కారుండేది. దాని హారన్ కూడా శ్రుతిలోనే ఉంటుందని ఆవిడ నమ్మకం. ప్రతి గురువారం ఆ కారులో ఊరికి ఆ చివరనున్న చెల్లెలి ఇంటికి వెళ్లేది. చెల్లెలికి మోకాళ్లు అరిగిపోయాయి. ఇల్లేమో సన్నటి సందులో. కారు సరిగ్గా గుమ్మం ముందుకు వెళ్లి ఆగితే, చెల్లెలు తలుపు పట్టుకుని వెనక్కి తిరిగి మెల్లగా సీట్లోకి జారేది. అక్కచెల్లెళ్లిద్దరూ చెరువు దగ్గర కారాపుకుని, పల్లీలు తింటూ, చుట్టాలందరినీ వరసగా ఆడిపోసుకుని, చీకటి పడేలోపు తిరిగొచ్చేవారు. వారం మొత్తంలో చెల్లెలు గడప దాటేది ఆ ఒక్క పూటే.

టీచరమ్మ అల్లుడికి మేడలాంటి ఎస్‌యూవీ ఉంది. మనిషి మంచివాడు. ఎదుటివాళ్ల మేలు కోరడంలో క్షణం ఆలస్యం చేయడు. రేపు రూలు మారి ఓడలు వచ్చాయంటే ఈ డొక్కును ఎవరూ ముట్టుకోరనీ, అమ్మితే ఇప్పుడే అమ్మాలనీ అత్తగారికి నచ్చజెప్పాడు. గురువారాల సంగతి తాను చూసుకుంటానన్నాడు. డీలరు స్వయంగా ఇంటికొచ్చి, కారు చుట్టూ భక్తిగా ఒక ప్రదక్షిణ చేసి, కొన్నప్పటి ధర కంటే ఎక్కువే చేతిలో పెట్టాడు. చూశారా, ముసలితనానికి ఇంత గౌరవం ఇంకెక్కడైనా ఉందా?

గురువారం రానే వచ్చింది. అల్లుడి బండి సందు మొదట్లోనే సీసాకు బిరడాలా బిగుసుకుంది. దాన్ని వెనక్కి తీసి రోడ్డు మీద ఆపి, చెల్లెల్ని కుర్చీలో కూర్చోబెట్టి అక్కడిదాకా మోసుకొచ్చారు. బండి మెట్టేమో ఆవిడ మోకాలికంటే ఎత్తు. స్టూలు వేశారు. అల్లుడు ఇటునుంచి తోశాడు, టీచరమ్మ లోపలినుంచి లాగింది. 

“వద్దు బాబూ, నన్ను బీరువాలా ఎక్కించకండి. ఇంట్లో దింపేయండి” అంది చెల్లెలు.

నవ్వుతూనే అంది. కానీ గుమ్మం చేరేదాకా అక్క ముఖంలోకి చూడలేదు.

ఆ రాత్రి టీచరమ్మకు అన్నం సయించలేదు. మర్నాడే డీలరు షోరూముకు వెళ్లింది. ఎర్ర తివాచీ మీద తన కారే నిగనిగలాడుతూ కనిపించింది. ధర చూస్తే, తను అమ్మిన సొమ్ముకు ముందు సీట్లు మాత్రం వచ్చేలా ఉన్నాయి. కొత్తగా చేరిన సేల్స్ అమ్మాయి ఉత్సాహంగా వివరాలు చెప్పింది: ఒకే ఓనరట, పాపం ఎవరో ముసలావిడట, బండిని ఎక్కడికీ తిప్పనేలేదట. ధర చూసినప్పుడు కలగని బాధ టీచరమ్మకు ఆ మాటతో కలిగింది.

నడిపి చూస్తానంది. పక్కన అమ్మాయిని కూర్చోబెట్టుకుని తిన్నగా ఊరి ఆ చివరకు పోనిచ్చింది. వెనక్కి తిప్పమని అమ్మాయి దారంతా బతిమాలుతూనే ఉంది. సందులో కారు ఆగి, తలుపు పట్టుకుని బయటికొస్తున్న పెద్దావిడను చూశాక మాత్రం తనే దిగి వెనక సీట్లోకి మారింది.

“కొనేశావా?” అని అడిగింది చెల్లెలు.

“కొనలేదే. నడిపి చూస్తున్నాను.”

“అయితే నిదానంగా చూడు.”

చెరువు దగ్గర ఆ పూట పల్లీలు ముగ్గురు తిన్నారు.

కారు మళ్లీ కొనడమెలాగా అని టీచరమ్మ ఆలోచిస్తుండగానే అది అమ్ముడుపోయింది. కొన్నదెవరనుకున్నారు? అల్లుడే! ఇంటిముందు కారు ఆగడం చూసి, తన కోసమే తెచ్చాడని పిచ్చితల్లి పొంగిపోయింది కూడా.

“ఆ పెద్దదానికి ఆఫీసు దగ్గర పార్కింగ్ దొరకట్లేదత్తయ్యా. తిరగడానికి చిన్నదొకటుంటే సుఖం కదా అని...” అన్నాడు.

తాళం బల్ల మీద పెట్టాడు. టీచరమ్మ దాన్ని తీసి తన సంచిలో వేసుకుంది.

“గురువారం మాత్రం పెద్దదాన్లో వెళ్లు నాయనా” అంది.

అల్లుడు నోరు తెరిచాడు గానీ, వెనకనుంచి పెళ్లాం చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాడు. అలా ఆ గురువారం నుంచి చెల్లెలు మళ్లీ గడప దాటుతోంది.

కాబట్టి అయ్యా, ఈ ఏర్పాటు వల్ల డీలరుకు లాభం, అల్లుడికి సుఖం, ప్రభుత్వానికి తృప్తి. నష్టపోయిందెవరు? చిన్న కారు కావలసినవాళ్లు తప్ప ఇంకెవరూ లేరు! పెద్ద బండి ఉన్నవాళ్లకు చిన్నది కూడా దొరుకుతోంది కదా, ఇంకేం కావాలి?

ఒక్కటే చిక్కు. కారు కొనే అల్లుడూ, కళ్లతో మాట్లాడే కూతురూ అందరికీ ఉండరు. అలా లేని అభాగ్యుల తరఫున ఏలినవారికి చిన్న మనవి. రేవు గేటు బార్లా తెరవమని అడగను. ఒక చిన్న కారు పట్టేంత సందిస్తే చాలు.